పట్టేసిన ఇంజను

మా పిన్ని వాళ్ళకు ఒక పాత ట్రాక్టరు ఉంది. బాబాయి పోయాక రెండేళ్ళు అది చింతచెట్టు కిందే ఉండిపోయింది. దుక్కికి కిరాయి ట్రాక్టరు పిలిచేవారు. వచ్చిన డబ్బు కిరాయికే సరిపోయేది.

ఒకరోజు పాత ఇనుము కొనే అతను వచ్చాడు. "ఇంజను పట్టేసిందమ్మా. ఇక ఇనుము ధరే" అన్నాడు.

"తాడు కట్టి ఇంకో ట్రాక్టరుతో లాగుదాం" అన్నాడు తమ్ముడు.

పిన్ని వద్దంది. పక్క ఊరి ముసలి మేస్త్రిని పిలిపించింది.

"లాగకపోవడమే మంచిదయింది తల్లీ! బలవంతం చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి" అన్నాడు మేస్త్రి.

ఎందుకు పట్టేస్తుంది?

సిలిండరు అంటే గుండ్రని గొట్టం. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ చుట్టూ రింగులు ఉంటాయి. సైలెన్సరు మూత లేకుంటే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. రింగులూ, సిలిండరు గోడా తుప్పు పట్టి అతుక్కుపోతాయి. ఇంజను తిరగదు.

ఎలా విడిపించాం?

1. ముందు బ్యాటరీ వైర్లు తీశాం.

2. మేస్త్రి మూడు నాజిళ్ళు విప్పాడు. ఏది ఎక్కడిదో తెలిసేలా పిన్ని సుద్దతో 1, 2, 3 అని రాసింది.

3. ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోశాం. గుడ్డతో మూశాం. అలా నాలుగు రోజులు నాననిచ్చాం.

4. అయిదో రోజు గుడ్డలు తీశాం. పై గేరు వేశాం. నలుగురం కలిసి ట్రాక్టరును మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపాం. కదల్లేదు. మళ్ళీ నూనె పోశాం.

5. ఏడో రోజు ఫ్యాను పుల్లీ కొంచెం జరిగింది. "కదిలింది!" అని పిన్ని అరిచింది. ఇంకా ఊపితే పూర్తిగా తిరిగింది. రంధ్రాల్లోంచి నూనె చిమ్మింది. అప్పుడు మొహం దగ్గర పెట్టకూడదు. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానీయకూడదు.

6. పోసిన డీజిలు కొంత కిందికి దిగి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పలచబడుతుంది. అందుకే పాత ఆయిలంతా తీసి కొత్తది పోశాం. ఫిల్టర్లు మార్చాం. ట్యాంకులో కొత్త డీజిలు, రేడియేటర్లో నీళ్ళు పోశాం. ఆ తర్వాతే నాజిళ్ళు బిగించి స్టార్టు చేశాం.

మొదట తెల్లపొగ వచ్చింది. తర్వాత తగ్గింది. ఆ ఏడు పిన్ని పొలం సొంత ట్రాక్టరుతోనే దున్నారు.

గుర్తుంచుకోండి

● ఆయిలు లేక, నీళ్ళు లేక నడుస్తూ నడుస్తూ పట్టేసిన ఇంజనుకు ఈ వైద్యం చాలదు. దాన్ని విప్పి చూడాల్సిందే.

● నిలిపి ఉంచిన ట్రాక్టరు సైలెన్సరు మీద డబ్బా బోర్లించండి. స్టార్టు చేసేముందు తీయడం మరవకండి.

● పదిహేను రోజులకొకసారి కాసేపు నడపండి.

జవాబులు రాయండి

1. పిన్ని ట్రాక్టరును లాగించి ఉంటే ఏమయ్యేది?

2. పాత ఆయిలు ఎందుకు తీసేశారు?

3. మీ ఊళ్ళో వాడకుండా ఉన్న యంత్రాలు ఏవి? వానకు తడవకుండా ఏం చేయవచ్చు?