పరుపు గుంటపడుట యేల?

క్రొత్తపరుపు మెత్తగా, ఎత్తుగా, నాలుగు మూలల సమముగా నుండును. రెండు మూడేండ్లు గడచునప్పటికి నడుమ గుంటపడి, అంచులు లేచి, అక్కడక్కడ ఉండలు కట్టి, చాపయే మేలనిపించు స్థితికి వచ్చును. ఇండ్లలో దీనికి సాధారణముగా చెప్పు కారణ మొక్కటే: దూది అరిగిపోయినదని. ఈ మాట నిజమా కాదా యని విచారించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందుకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. సన్ననూలునకు పేరుగన్న పొందూరులో దూది గుణములను చేతివ్రేళ్లతో నెరిగిన స్త్రీలు నేటికిని గలరు.

ముందుగా నొక చిన్న లెక్క. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళముల మందము గల పరుపులో 10 కిలోల దూది కూరితి మనుకొందము. ఆ పరుపు ఆక్రమించు చోటు సుమారు 170 లీటర్లు. దూదిపోగు పదార్థము నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. కావున ఆ 10 కిలోలును నడుమ సందు లేక ఒకే ముద్దగా నుండగలిగినచో ఆరున్నర లీటర్ల చోటు మాత్రమే పట్టును. ఒక చిన్న బిందెలో ఇముడును. తక్కిన దంతయు గాలియే! మనము దూదిపై పరుండితి మనుకొందుము గాని, నిజమునకు నూటికి 96 పాళ్లు గాలిపై పరుండుచున్నాము. దూది యా గాలికి చోటు నిలిపియుంచు కావలివాడు మాత్రమే. అదే పరుపు రెండున్నర అంగుళములకు క్రుంగినప్పుడు దాని పరిమాణము 106 లీటర్లగును. తూచి చూచిన దూది యించుమించు మునుపటి బరువే యుండును. పోయినది 64 లీటర్ల గాలి.

ఆ చోటును దూది యేల నిలుపలేకపోయెను? పచ్చికాయలో నున్నప్పుడు పత్తిపోగు రసము నిండిన సన్నని గొట్టము. కాయ పగిలి యెండ తగిలినంతనే రసమింకి, గొట్టము చప్పిడియై, పట్టెడవలె మెలికలు తిరుగును. సూక్ష్మదర్శినిలో ఈ మెలికలు చక్కగా కనబడును. వీనివలననే పోగు పోగు నంటిపెట్టుకొనక నడుమ సందు లేర్పడును. మనము పరుండినప్పుడు పోగులు వంగును, లేచినప్పుడు కొంతవరకు నిక్కును. రబ్బరు సాగి మరల మొదటికి వచ్చుట వంటి దీ గుణము. అయితే వేలకొలది చోట్ల పోగులు ఒకదానిపై నొకటి జారును కూడ. జారిన పోగు బరువు తీసినంత మాత్రమున వెనుకకు రాదు. మొన్నటివరకు దానిని పైన నిలిపియుంచిన రాపిడియే నేడు క్రింద పట్టియుంచును. ఈ పాలు బంకమట్టి గుణము వంటిది. దూదిలో రబ్బరును కలదు, మట్టియు కలదు; రాత్రికి ఎనిమిది గంటల చొప్పున ఏండ్ల తరబడి బరువు మోయగా మట్టిదే పైచేయి యగును.

దీనికి తోడు చెమట. దూది తేమను మిక్కిలి ప్రియముతో పీల్చును. నూటికి 65 పాళ్ల తేమగల గాలిలో 10 కిలోల ఎండుదూది ముప్పాతిక కిలోకు మించి నీటిని గ్రహించును. మన తీరప్రాంతపు వానకాలములో ఇంకను హెచ్చు. తేమ చేరినప్పుడు పోగులోని అణువుల కట్లు సడలి పోగు మెత్తబడును. తేమ పోయినప్పుడు ఆ సమయమున నున్న రూపములోనే కట్లు మరల బిగియును. ఖద్దరు పంచెపై నీళ్లు చిలికి ఇస్త్రీపెట్టె నడిపినచో మడత నిలుచుటకు కారణ మిదియే. రాత్రియెల్ల చెమటతో తడిసి, నొక్కబడి, ఉదయమున లేవదీయబడక యట్లే ఆరిన పరుపును మన శరీరమే యిస్త్రీ చేసినదని చెప్పవచ్చును.

గుంట నడుమనే యేల? పండుకొన్న మనుష్యుని బరువు పాదములపై నుండదు; మొండెము, నడుము, తుంట్లపై నుండును. అచట నొక్కబడిన దూది కొంత అణగును, కొంత ప్రక్కలకు నెట్టబడును. ఒకసారి పల్లమేర్పడిన పిమ్మట నిద్రలో దొర్లినవాడు తిరిగి ఆ పల్లములోనికే జారును. ఇట్లు గుంట తన్ను తానే లోతు చేసికొనును. పరుపులకు అడుగడుగున ఆరపార వేయు కుట్లు అందమునకు గాదు, దూది వలసపోకుండుటకు. మన సువార్తలలో స్వస్థత నొంది తన పరుపు తానే యెత్తుకొని నడచిన మనుష్యునిది ఇట్టి కుట్ల పరుపు కాదనియు, చుట్టి చంకబెట్టుకొనదగిన పలుచని పడకయే యనియు బాలురు గ్రహింతురు గాక.

ఇప్పుడు పొందూరు సంగతి. అచట సన్నఖాదీకి కొండపత్తి మొదలగు దేశవాళి జాతులను వాడుదురు. గింజపత్తిని ముందుగా వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు; దాని సన్నని పండ్లు చెత్తను తీసి పోగులను తిన్ననగునట్లు చేయును. పిదప గింజ తీసి, దూదిని విడగొట్టి, వింటినారితో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిడొప్పలో భద్రపరచి రాటమున వడకుదురు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఈ పనికి ఆశ్రయమిచ్చినది. ఆ యేకు సంగతి చూడుడు. వడకు స్త్రీ పోగులను ఒక వరుసగా లాగి, మెలిపెట్టి, నడుమనున్న గాలిని వెడలించి, బుద్ధిపూర్వకముగా దూదిని దారముగా బిగించును. పరుండువాడు అదే పనిని నిద్రలో, వరుసయు వావియు లేక చేయును. కావున అతనికి లభించునది దారము గాదు, ఉండ. ఏకై వచ్చి మేకైనట్లని మనవా రను సామెత పరుపు విషయమున అక్షరాల నిజము.

బూరుగుదూది వేరు జాతి. దాని పోగు ఎండినను చప్పిడి గాక గొట్టముగనే నిలిచి లోపల గాలి నుంచుకొనును. పైన మైనపు పూత యుండుటచే నీరంటదు. అందుచే పూర్వము ఓడలలో ప్రాణరక్షణ కవచములలో దానిని కూరెడివారు. కాని మెలికలు లేనందున అది వడకుటకు పనికిరాదు, పెళుసగుటచే నలిగి పొడియగును. తలగడకు మంచిది, పరుపునకు అంత మంచిది కాదని మా యభిప్రాయము.

ఇక చికిత్స. ఎండలో వేయుట మొదటిది. ఎండ తేమను పోగొట్టును గాని జారిన పోగును స్వస్థానమునకు తేలేదు. కావున పరుపును ఎండనుంచి ఊరకుండక, తిరగవేసి, కర్రతో తట్టి, పోగులు విడిపోవునట్లు చేయుచు ఆరబెట్టవలెను. తలవైపు కాళ్లవైపునకు నెలకొకసారి మార్చినచో గుంట ఒకచోటనే పెరుగదు. ఇవియు చాలనినాడు దూదేకులవాని పిలువవలెను. వాని వింటినారి కంపములు ఉండలోని పోగులను ఒక్కొక్కటిగా విడదీసి నడుమ గాలిని మరల ప్రవేశపెట్టును. పోయిన 64 లీటర్లను తెచ్చి యిచ్చువా డతడే. దూది క్రొత్తది కొననక్కరలేదు. పలుచోట్ల ముండ్ల ఉరుళ్లు గల యంత్రము ఈ పని త్వరగా చేయుచున్నది, కాని అందు పోగు లెక్కువగా తెగును. వింటనైనను యంత్రముననైనను లేచు ధూళి మాత్రము అపాయకరము. పత్తిధూళిని ఏండ్లకొలది పీల్చిన కార్మికులకు రొమ్ము బిగిసి ఊపిరి యాడని వ్యాధి కలుగునని మిల్లుల వైద్యులు ఎరుగుదురు. మన పరుపును బాగుచేయ వచ్చినవానిని మూసిన గదిలో గాక వెలుపల కూర్చుండబెట్టి, ముక్కునకు గుడ్డ కట్టుకొనుమని చెప్పుట, కూలి విషయమున బేరము తగ్గించుట, ఇంటివారికి తగును.

1937లో జర్మనీలో ఒట్టో బేయరు కనిపెట్టిన పాలీయురితేను నుండి నురుగు పరుపులు పుట్టినవి. వానిలో గాలిని పట్టునవి పోగులు గావు, చిన్నచిన్న అరలు. అరల గోడలు మాటిమాటికి వంగి, వేడికి చెమటకు మెత్తబడి, కడకు చిరుగును. ఆ గుంటను ఏకుటకు ఏ విల్లును లేదు. క్రుంగిన నురుగు పరుపు చెత్తకుప్పకు చేరును, క్రుంగిన దూదిపరుపు మరల పరుపగును. నురుగు పరుపు కొనరాదని మేము చెప్పము. కొనువారు ఈ భేద మెరిగి కొనవలెను.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. నిలువైన గాజుసీసాలో ఏకిన దూదిని వదులుగా నింపి, పైన అట్టబిళ్ల నుంచి, ఎత్తు కొలువుడు. బిళ్లపై తూనికరాయి పెట్టి రాత్రియంతయు నుంచి, ఉదయమున తీసి, వెంటనే యొకసారి, గంట తరువాత నొకసారి కొలువుడు. మరునాడు అదే దూదిపై కొంచెము నీరు చిలికి అట్లే చేయుడు. మూడవనాడు ఎండబెట్టి కొలిచి, తుదకు వ్రేళ్లతో విడదీసి కొలువుడు. ప్రతిసారియు దూదిని తూచి, బరువును ఎత్తును ఒకే పుటలో ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు.