బాండ్, బాండేజ్: అర్థభేదము

ఆంగ్లమునందలి 'బాండ్', 'బాండేజ్' అను పదములను రెండింటిని విద్యార్థులు 'బంధనము' అనియే వ్రాయుట మేము చూచుచున్నాము. అది సరికాదు.

'బాండ్' అనగా కట్టు. స్నేహము, ప్రేమ, ఒడంబడిక మనుష్యులను కలుపునపుడు ఈ మాట చెల్లును. ఋణపత్రమునకును ఇదియే పేరు. వ్రాసినవాడు తన మాటకు తానే కట్టుబడును. బహువచనమున సంకెళ్లనుకూడ తెలుపును. 'బాండేజ్' అనగా దాస్యము. ఇందు కట్టబడినవాని సమ్మతితో పనిలేదు.

వీని పుట్టుకలును వేరు. మొదటిదానికి కట్టుటయే మూలార్థము. సంస్కృతపు 'బంధము' దానికి జ్ఞాతి. రెండవదానికి మూలమైన 'బోండా' అను ప్రాచీనపదమునకు ఇల్లుగల సేద్యగాడని యర్థము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట సేద్యగాని స్థితి దిగజారగా, ఆ మాటయు దాసుని కర్థమయ్యెను. 'హస్బెండ్' అను మాటలో మాత్రము పూర్వగౌరవము నిలిచియున్నది.

1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలునందు, నిర్గమకాండములో ఐగుప్తు దాస్యమునకు 'బాండేజ్' అనియు, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో సమాధానబంధమునకు 'బాండ్' అనియు కలదు. ఒకదానినుండి ప్రజలు విడిపింపబడిరి. రెండవదానిని కాపాడుకొనుడని సంఘమునకు బోధింపబడినది. విద్యార్థులారా, తర్జుమా చేయునపుడు ఈ భేదమును మరువకుడు.