మంద నడకయే కాపరి నడక

పాఠ్యభాగము: ఆదికాండము 33:12–14



అన్నదమ్ములు సమాధానపడిన దినమున, కలిసి పోదము రమ్మని ఏశావు పిలువగా యాకోబు ఒప్పుకొనలేదు. తన మందలో పాలిచ్చు తల్లులున్నవనియు, ఒకనాడు తరిమికొని పోయినను అవి దక్కవనియు చెప్పి, మంద నడకనుబట్టియే తాను నడిచెను. నల్లమల అంచున గొఱ్ఱెలు కాచుకొను మన ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతపు కాపరులకు దీని అర్థము చెప్పనక్కరలేదు. చూడి గొఱ్ఱెను మిట్టమధ్యాహ్నపు టెండలో తోలరాదని మన పిల్లలును ఎరుగుదురు. అయితే సంతలో చేతులు మారిన పిమ్మట ఆ గొఱ్ఱె గతి యేమని మనము తలంచుచున్నామా?

1. ఓడలోని మంద

దూరదేశములలో కోయుటకై గొఱ్ఱెలను ప్రాణముతోనే ఓడలకెక్కించు వర్తకము లోకములో నున్నది. అంతస్తుమీద అంతస్తుగా వాటిని నింపుదురు. ఉక్క, మూత్రపు ఘాటు వాటిని బాధించును. పచ్చికకు అలవాటుపడిన గొఱ్ఱె కొన్నిసార్లు గుళికల దాణా ముట్టక ఆకలితోనే చచ్చును. 2019 నవంబరులో రుమేనియా దేశపు రేవు విడిచిన ఒక ఓడ కొద్దిసేపటికే ఒరిగిపోయెను. అందులోని 14,000కు పైగా గొఱ్ఱెలలో బ్రతికినవి 300కు లోపే. న్యూజీలాండు 2023లో సముద్రముమీద ఇట్టి ఎగుమతిని మానివేసెను. ఆస్ట్రేలియా 2028 మే 1 నుండి గొఱ్ఱెల విషయమై మానుటకు 2024లో చట్టము చేసెను.

2. మన దేశములో

2018 జూన్‌లో నాగపూరునుండి షార్జాకు మేకలను, గొఱ్ఱెలను విమానములో పంపుటకు ఏర్పాటు జరుగగా, జైనులు అభ్యంతరము చెప్పినందున అది ఆగిపోయెను. 2023 జూన్‌లో పశువుల ఎగుమతి దిగుమతుల చట్టపు ముసాయిదాను కేంద్రప్రభుత్వము ప్రకటించి, ప్రజల అభ్యంతరముల వలన ఆ నెలలోనే వెనుకకు తీసికొనెను. సామాన్యుల మాట వ్యర్థము కాదు. సృష్టికర్తను ఎరిగిన మనము ఈ విషయములో ఇతరులకు వెనుక నుండదగునా?

3. మాంసము తినుట పాపమా?

కాదు. నోవహు కాలమునుండి దేవుడు దానికి సెలవిచ్చెను (ఆది. 9:3). అయినను నూర్చెడి ఎద్దు మూతికి చిక్కము వేయరాదనెను (ద్వితీ. 25:4). నీనెవె పట్టణమును కనికరించినప్పుడు పశువులనుకూడ తలంచెను (యోనా 4:11). చంపుటకు సెలవు కలదు గాని హింసించుటకు లేదు. దగ్గరనే కోసి, మాంసమును చల్లని పెట్టెలలో పంపవచ్చును. మన దేశమునుండి గల్ఫు దేశములకు అట్లు పోవుచునే యున్నది. అప్పుడు కోత పని, తోళ్ల పని మనవారికే దక్కును.

4. మన కర్తవ్యము

కరవు ఏట అప్పు తీర్చుటకు మంద అమ్ముకొనువానిని మేము నిందింపము. అతని పిల్లల ఆకలియు దేవుడు చూచును. అయినను బేరగానిని ఒక మాట అడుగుడి: ఎక్కడికి తీసికొనిపోవుదువు? లారీలో ఎన్నింటిని ఎక్కింతువు? బాధ కలుగునట్లు బండ్లలో కుక్కుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. ఎక్కించక ముందు నీళ్లు పెట్టుడి. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సొలొమోను బోధించెను (సామె. 12:10). సొమ్ము చేతబడగానే ఆ నీతి తీరిపోదు.

ఆలోచించుటకు

1. మన గ్రామపు గొఱ్ఱెలు ఏ సంతకు పోవుచున్నవి? ఎట్లు పోవుచున్నవి?

2. కరవులో కాపరి తొందరపడి అమ్ముకొనకుండ సంఘము ఏమి సహాయము చేయగలదు?

ప్రార్థనాంశము: కాపరుల కొరకును, నోరులేని జీవుల కొరకును.