యంత్రానికి మన మేకల గురించి చెప్పేదెవరు?



మీరిచ్చిన సొమ్ముతో ఆధారం లేని ఇళ్లకు మేకలు కొనివ్వడం మన సంఘం చేసే పనుల్లో ఒకటి. ఒక ఏడాది వానాకాలంలో ఒక వితంతు సోదరికి ఇచ్చిన రెండు మేకలూ వారం తిరక్కుండా చనిపోయాయి. ముక్కు కారిందనీ, నోట్లో పుళ్లు పడ్డాయనీ, పారుకున్నాయనీ ఆమె చెప్పారు. పక్క ఊళ్లోనూ మేకలు పోయాయని తర్వాత తెలిసింది. ఎప్పుడు మొదలైంది, ఎన్ని పోయాయి, టీకా వేయించారా అని పశువైద్యులు అడిగితే చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. తప్పు మాదే. ఈ పాఠం రాయడానికి కారణం కూడా అదే.

యంత్రం ఎలా నేర్చుకుంటుంది?

మన జిల్లాల పశువుల సంతల్లో పెద్దవాళ్లను గమనించండి. చెవులు వాలినా, నెమరు ఆగినా, దూరం నుంచే "దీనికి ఒంట్లో బాగోలేదు" అంటారు. వాళ్లకెవరూ సూత్రాలు నేర్పలేదు. వేల పశువులను చూసి చూసి నేర్చుకున్నారు. మెషిన్ లెర్నింగ్ అన్నా ఇదే. కంప్యూటరుకు సూత్రం చెప్పకుండా, జరిగిన ఉదాహరణలు వేలల్లో చూపిస్తాం. వాటిలోని పోలికను అది పట్టుకుని, కొత్తది కనబడినప్పుడు అంచనా చెబుతుంది.

ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. మెడపట్టీలో చిన్న పరికరం పెడితే ఆ కదలికను లెక్కపెడుతుంది. నెమరు తగ్గితే, జబ్బు పైకి కనబడక ముందే హెచ్చరిస్తుంది. పెద్ద డెయిరీల్లో ఇవి వాడుకలో ఉన్నాయి.

జిల్లా మొత్తానికి అంచనా వేసే పని బెంగళూరులో జరుగుతోంది. అక్కడి నివేది అనే కేంద్ర ప్రభుత్వ పశువ్యాధి పరిశోధన సంస్థ, పాత వ్యాధుల నమోదులనూ వాన, ఎండ, గాలిలో తేమ వివరాలనూ కలిపి, ఏ జిల్లాకు ఏ వ్యాధి ప్రమాదం ఉందో రెండు నెలల ముందే చెబుతుంది. గాలికుంటు, గొంతువాపు, మేకలకూ గొర్రెలకూ వచ్చే పారుడు రోగం అందులో ఉన్నాయి. అయితే అది జిల్లా పేరే చెబుతుంది, ఫలానా ఇంటి మేక అని చెప్పదు.

గాజు తీగ సంగతి

ఇదే పద్ధతి ఆప్టికల్ ఫైబర్ తయారీలోనూ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన పని ఏమిటో తెలుస్తుంది.

మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ నిజానికి గాజు తీగ. దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు కిలోమీటర్ల కొద్దీ ప్రయాణిస్తుందని 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ లెక్కగట్టారు. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1996లో ఇంగ్లండులో పొడవునా సన్నని రంధ్రాలున్న కొత్తరకం ఫైబర్ తయారైంది. రంధ్రం ఎంత ఉండాలి, రంధ్రానికీ రంధ్రానికీ ఎంత ఎడం ఉండాలి అన్నదాన్ని బట్టి వెలుగు నడక మారుతుంది. ప్రతి నమూనాకూ పూర్తి లెక్క కట్టాలంటే కంప్యూటరుకు చాలా సమయం పడుతుంది. అందుకని కొన్ని వందల లెక్కలు చేయించి, వాటిని ఉదాహరణలుగా చూపిస్తారు. ఆపైన కొత్త నమూనాకు జవాబు క్షణాల్లో వస్తుంది. చివరికి ఎంచుకున్నదాన్ని పూర్తి లెక్కతో మళ్లీ సరిచూస్తారు.

తేడా ఇక్కడే ఉంది. గాజుకు కావలసిన ఉదాహరణలను కంప్యూటరే తయారు చేసుకోగలదు, ఎందుకంటే వెలుగు నడిచే నియమాలు తెలిసినవే. మేకకు అలా కుదరదు. ఏ ఊళ్లో ఏ మేక ఎప్పుడు జబ్బుపడిందో మనిషి చూసి రాస్తేనే ఉదాహరణ అవుతుంది. రాయని మరణం యంత్రం దృష్టిలో జరగనట్టే. పెద్ద డెయిరీల ఆవుల వివరాలు మాత్రమే చేరితే, పేదింటి మేక గురించి దానికేమీ తెలియదు.

మనం చేయగలిగింది

ఇకమీదట ఇచ్చే ప్రతి మేకకూ చెవి ట్యాగు వేయించి, ఒక పుస్తకం కూడా ఇవ్వాలని అనుకుంటున్నాం. కొన్న తేదీ, టీకా తేదీ, జబ్బు లక్షణాలు, ఒంటి వేడి అందులో రాయాలి. మేకకు 102 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు సహజమే. అంతకు మించితే 1962 నంబరుకు ఫోన్ చేయాలి. పారుడు రోగం టీకా ఒక్కసారి వేయిస్తే సుమారు మూడేళ్లు కాపాడుతుంది. చిటుక రోగం టీకా తొలకరికి ముందే పడాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మన పిల్లలు అక్కడ చదువుకుంటే ఈ పుస్తకాలను చదివి అర్థం చెప్పేవాళ్లు మనలోనే ఉంటారు.

పుస్తకం కాగితందే ఎందుకంటారా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు ఎన్ని కూలాయో మనకు గుర్తుంది. ఫైబర్ తీగలు నడిచేదీ ఆ స్తంభాల మీదనే. లైను తెగినా పుస్తకం మిగులుతుంది. లైను వచ్చాక వివరాలు పంపవచ్చు.

మేక ఖరీదుతో పోలిస్తే పుస్తకం ఖరీదు లెక్కలోకి రాదు. ఈసారి మేకకు ఇచ్చేటప్పుడు దాని పుస్తకానికీ టీకాకూ కలిపి ఇవ్వండి. ఆ సోదరికి మళ్లీ మేకలు ఇచ్చాం. ఈసారి వాటి పుస్తకంలో మొదటి పేజీ నిండింది.