అద్దెదారులే నిర్వాహకులు: బ్రిటన్ సామాజిక గృహాలు

టీఎంఓ (టెనెంట్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్): కౌన్సిల్ ఇళ్ల నిర్వహణను అద్దెదారులే చూసుకునే సంస్థ. మరమ్మతులు, అద్దె వసూలు, మెట్లు ఊడ్పించడం వంటివి ఒప్పందం మేరకు దీని చేతికొస్తాయి. యాజమాన్యం మాత్రం కౌన్సిల్‌దే. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

నిర్వహణ హక్కు: ఇంగ్లండ్‌లో 1994 నిబంధనలతో అమలు. 2012లో కొత్త నిబంధనలు. అద్దెదారుల ఓటింగ్ తప్పనిసరి.

గ్రెన్‌ఫెల్ టవర్ (ముఖ్యం): పశ్చిమ లండన్, 24 అంతస్తులు. 2017 జూన్ 14న అగ్నిప్రమాదం, 72 మంది మృతి. 4వ అంతస్తు వంటగదిలోని ఫ్రిజ్ దగ్గర మంట మొదలైంది; పాలిథిలీన్ పొర ఉన్న బయటి పలకల మీదుగా పైకి పాకింది. భవన నిర్వహణ 1996లో ఏర్పడిన కెన్సింగ్టన్ అండ్ చెల్సీ టీఎంఓది. అగ్నిభద్రతపై నివాసులు ముందే హెచ్చరించారు. పేరులో అద్దెదారులున్నా వారి మాట చెల్లలేదన్నమాట. విచారణ అధిపతి: మార్టిన్ మూర్-బిక్. తుది నివేదిక: 2024 సెప్టెంబర్ 4.

తర్వాతి చట్టం: సోషల్ హౌసింగ్ (రెగ్యులేషన్) యాక్ట్, 2023.

ఆర్న్‌స్టీన్ నిచ్చెన: పౌర భాగస్వామ్యానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో చెప్పిన 8 మెట్లు. అడుగున 'మానిప్యులేషన్', పైన 'పౌర నియంత్రణ'. 'సంప్రదింపు' 4వ మెట్టు, అంటే మొక్కుబడి భాగస్వామ్యమే. జతపరచండి ప్రశ్నకు అనువైనది.

మన రాజ్యాంగంలో: 74వ సవరణ, అమలు 1993 జూన్ 1. అధికరణ 243-ఎస్: 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు. 12వ షెడ్యూల్: 18 అంశాలు, మురికివాడల అభివృద్ధి 10వది. సహకార సంఘాలకు 43-బి (97వ సవరణ).