ఖతార్ బడుల్లో స్పానిష్: రెండో భాషను ఎంచుకునే ముందు

ఖతార్‌కు కుటుంబంతో తరలివచ్చే తెలుగువారు పిల్లల చదువు విషయంలో సిలబస్ గురించీ, ఫీజుల గురించీ, బస్సు వచ్చే దారి గురించీ ఎంతో వాకబు చేస్తారు గాని, రెండో భాష సంగతిని దరఖాస్తు నింపే రోజు వరకు పట్టించుకోరు. చిన్న తరగతుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చేరే పిల్లలకు మాత్రం అప్పటిదాకా చదివిన తెలుగు కొత్త బడిలో ఉండకపోవడం, దాని స్థానంలో అక్షరం ముక్క తెలియని భాషను ఏడాది రెండేళ్లలో పరీక్ష స్థాయికి నేర్చుకోవలసి రావడం నిజమైన కష్టం.

దోహాలోని భారతీయ పాఠశాలలు చాలావరకు సీబీఎస్ఈ పద్ధతిని అనుసరిస్తాయి, విద్యాసంవత్సరాన్ని ఏప్రిల్‌లో మొదలుపెడతాయి. వాటిలో రెండో భాషగా హిందీ, అరబిక్, ఫ్రెంచి, మలయాళం వంటివి బడిని బట్టి దొరుకుతాయి. సీబీఎస్ఈ భాషల జాబితాలో తెలుగూ, స్పానిషూ రెండూ ఉన్నా, జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి బడిలోనూ వాటికి ఉపాధ్యాయులు ఉంటారని అనుకోరాదు. స్పానిష్ ప్రధానంగా బ్రిటిష్, అమెరికన్, ఐబీ పాఠశాలల్లో కనిపిస్తుంది. ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియెట్, అనేక దేశాల్లో ఒకే ప్రమాణంతో నడిచే విద్యావిధానం. మాడ్రిడ్‌లో 1892లో పుట్టిన సెక్ విద్యాసంస్థల పాఠశాల ఒకటి దోహాలోనే ఉండడం ఈ భాషకు ఇక్కడ ఉన్న ఆదరణకు ఒక గుర్తు. ఈ పాఠశాలల్లో చదువు ఆగస్టు చివర లేదా సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి, మార్చిలో తరగతి ముగించుకుని వచ్చే పిల్లలకు మధ్యలో కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. కొత్త భాషకు పునాది వేసుకోవడానికి ఇంతకంటె మంచి సమయం మళ్లీ రాదు.

విద్యా మంత్రిత్వ శాఖ నియమాల ప్రకారం ప్రైవేటు పాఠశాలల్లో అరబిక్, ఖతార్ చరిత్ర కూడా బోధిస్తారు. అరబిక్ మాతృభాష కాని పిల్లలకు ప్రారంభ స్థాయి తరగతులు వేరుగా ఉంటాయి. అందువల్ల స్పానిష్‌ను ఎంచుకున్న తెలుగు బిడ్డ ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, అరబిక్, స్పానిష్ కలిపి నాలుగు భాషలతో నెగ్గుకురావలసి ఉంటుందని తల్లిదండ్రులు ముందే గ్రహించడం మంచిది.

పరీక్షల విషయానికి వస్తే, బ్రిటిష్ పద్ధతి బడుల్లో పదో తరగతి స్థాయిలో రాసే కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ స్పానిష్‌లో వినడం, చదవడం, మాట్లాడడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలకూ సమానంగా 25 శాతం చొప్పున విలువ ఉంటుంది. వ్యాకరణం బట్టీపట్టి రాత పరీక్షతో గట్టెక్కే అలవాటున్న మన పిల్లలకు ఇది కొత్త. నోరు తెరిచి మాట్లాడనివారు మార్కుల్లో నాలుగో వంతుకు ముందే నీళ్లు వదులుకున్నట్టే. ఐబీ డిప్లొమాలో, అంటే మన ఇంటర్మీడియట్‌తో సమానమైన చివరి రెండేళ్లలో, స్పానిష్‌కు రెండు దారులు ఉన్నాయి. ‘అబ్ ఇనిషియో’ అనేది ఆ భాషను మొదటినుంచి నేర్చుకునేవారి కోసం 150 గంటల బోధనతో రూపొందించిన కోర్సు; ‘లాంగ్వేజ్ బి’ అనేది అప్పటికే కొన్నేళ్లు చదివినవారికి ఉద్దేశించినది. పదకొండో తరగతిలో వచ్చి చేరే పిల్లలకు మొదటిదే తగినది. తోటివారిని చూసి రెండోదానిలో చేరితే రెండేళ్లూ అవస్థ తప్పదు.

తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలు స్పానిష్‌కు భయపడనక్కరలేదు. ఇంగ్లిషు ద్వారా దానిని చేరుకోబోయి దూరం పెంచుకుంటారే గాని, తెలుగు నుంచి చూస్తే చాలా సంగతులు దగ్గరగానే ఉంటాయి. స్పానిష్‌లోని త, ద ధ్వనులు ఇంగ్లిషు ట, డల వంటివి కావు, పళ్లకు నాలుక తగిలే మన త, దలే. ‘పెరో’ అంటే కాని, ‘పెర్రో’ అంటే కుక్క. ఈ రెండు ర్‌ల తేడా ఇంగ్లిషు పిల్లలకు నెలలు పడితే, ‘కర’, ‘కర్ర’ అనే మాటలను చిన్ననాడే వేరుచేసి పలికిన నాలుకకు అంత కష్టం కాదు. క్రియాపదం చివరి భాగమే కర్తను చెప్పేస్తుంది: మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాం అన్నట్టే ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్. ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలను రెండు భాషల్లోనూ నిక్షేపంగా వదిలేయవచ్చు. ఎదుటివారిని నువ్వు అనాలా, మీరు అనాలా అన్న ఆలోచన తెలుగు బిడ్డకు వేరే నేర్పనక్కరలేదు కాబట్టి, ‘తూ’, ‘ఉస్తెద్’ల భేదం ఒక్క మాటతో అర్థమవుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, ‘మె గుస్తా ఎల్ తే’ అన్న వాక్యాన్ని ఇంగ్లిషు మీదుగా తీసుకువస్తే తలకిందులుగా కనిపిస్తుంది. ‘నాకు టీ నచ్చుతుంది’ అని తెలుగులో పెట్టి చూస్తే మె అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది అని కూర్పు ఇట్టే కుదురుతుంది.

కష్టం ఎదురయ్యేది వేరేచోట. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అనడానికి తెలుగులో ఆధారం లేదు. హిందీ చదివిన పిల్లలకు ఈ పద్ధతి పరిచయమే గాని, ఒకే వస్తువుకు రెండు భాషల్లో లింగం ఒకటే కావాలన్న నియమం లేదు. అందువల్ల ప్రతి నామవాచకాన్నీ దానికి ముందు వచ్చే ‘ఎల్’, ‘లా’లతో కలిపి నోటికి వచ్చేలా నేర్చుకోవడమే మేలు. ‘సేర్’, ‘ఎస్తార్’ అనే రెండు ఉనికి క్రియల తేడా మరొక చిక్కు. ‘ఆమె డాక్టరు’ అన్నప్పుడు తెలుగులో క్రియ అవసరం లేదు, ‘ఆమె దోహాలో ఉంది’ అన్నప్పుడు అవసరం. మొదటిచోట సేర్, రెండోచోట ఎస్తార్ అని మొదలుపెడితే దారి కొంత తేలికవుతుంది, అన్ని సందర్భాలకూ ఈ పోలిక చాలకపోయినా.

ఖతార్‌లో ఉండడం వల్ల కలిసివచ్చే మరొక లాభం ఉంది. క్రీ.శ. 711 నుంచి 1492 వరకు ఐబీరియా ద్వీపకల్పంలో ముస్లిం రాజ్యాలు ఉండడం వల్ల స్పానిష్‌లో అరబిక్ మాటలు వేలకొద్దీ నిలిచిపోయాయి. బడిలో అరబిక్ నేర్చుకుంటూ, దుకాణంలో పంచదార పొట్లం మీద ‘సుక్కర్’, నూనె సీసా మీద ‘జైత్’ చదివే బిడ్డకు స్పానిష్‌లోని ‘అసూకార్’, ‘అసేయితె’ పాత పరిచయాలే. తప్పనిసరి పాఠమని అరబిక్‌ను నామమాత్రంగా చదివేవారు ఈ మేలును చేజేతులా పోగొట్టుకుంటారు. ఇక ఫుట్‌బాల్ ఇష్టపడే పిల్లలకు దోహాలో స్పానిష్ ఊరికే చెవిన పడుతుంది: 2015 నుంచి స్పెయిన్ ఆటగాడు షావీ ఇక్కడి అల్ సద్ జట్టుకు ఆడాడు, 2019లో ఖతార్ జట్టు ఆసియా కప్పు గెలిచినప్పుడు శిక్షకుడు ఫెలిక్స్ శాంచెజ్ స్పెయిన్ దేశస్థుడు.

బడి బయట సాయం కోరేవారు ఎడ్యుకేషన్ సిటీలోని ఖతార్ నేషనల్ లైబ్రరీతో మొదలుపెట్టవచ్చు. 2017లో పాఠకులకు తలుపులు తెరిచిన ఈ గ్రంథాలయంలో నివాసులకు సభ్యత్వం ఉచితం, మెట్రో గ్రీన్ లైన్‌లో దాని పేరుతోనే స్టేషను ఉంది. ట్యూషన్ పెట్టించేవారు మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న కేంద్రాలనే ఎంచుకోవాలి. చేతిలో ఒక ధ్రువపత్రం ఉండాలనుకునేవారికి స్పెయిన్ విద్యాశాఖ పేరిట సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ‘దెలె’ పరీక్షలు ఉన్నాయి. ఐరోపా భాషాప్రమాణం ప్రకారం ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లలో నడిచే ఈ పరీక్షల్లో బడిపిల్లల కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి కూడా ఉన్నాయి.

రెండు మూడేళ్లలో స్వదేశానికి తిరిగి వెళ్లే ఆలోచన ఉన్న కుటుంబాలు మాత్రం స్పానిష్‌ను ఎంచుకునే ముందు మరొక లెక్క వేసుకోవాలి. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి వరకు, సీబీఎస్ఈ బడుల్లో సైతం, తెలుగు తప్పనిసరి పాఠ్యాంశం. తెలుగు చదవడం, రాయడం మరిచిపోయి తొమ్మిదిలో హైదరాబాదు వచ్చిన బిడ్డ తన భాషలోనే వెనుకబడే ప్రమాదం ఉంది. కనుక చేరబోయే బడి నుంచి మినహాయింపుల సంగతి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం, ఖతార్‌లో ఉన్నన్నాళ్లూ ఆ తరగతి తెలుగు వాచకాన్ని తెప్పించుకుని శుక్ర, శనివారాల సెలవుల్లో ఇంట్లో ఒక పాఠమైనా చదివించడం అవసరం. ఇంట్లో తెలుగు వాక్యం గట్టిగా నిలిచిన బిడ్డే స్పానిష్ క్రియల పట్టికలోనూ తొందరగా కుదురుకుంటుంది.