పాత మడతచాకులను బాగుచేసి క్రొత్త పిడి తొడుగు విధము

(పట్టాదారులగు రైతుల యుపయోగార్థము)

కందుకూరు, మహేశ్వరము, షంషాబాదు ప్రాంతముల యెఱ్ఱచెల్కలలో మామిడి, జామ, నిమ్మ చెట్లు పెంచు రైతునకు నాగలి, గుంటకవలెనే మడతచాకును ముఖ్యసాధనమే. అంటు కట్టుట, కన్ను తీయుట, ఎండు రెమ్మలు కోయుట మొదలగు పనులు దానితోనే జరుగును. అయినను పిడి పగిలినంతమాత్రమున, లేక త్రుప్పు పట్టినంతమాత్రమున, కత్తిని పాతయినుము కొనువారికి వేసివేయుట పెక్కిండ్ల వాడుక. ఇది నష్టకరము. పిడిచెక్క యేయూరనైనను దొరకును. మంచి యుక్కు అన్ని వేళల దొరకదు.

ఉక్కు విలువ

తెలంగాణమున ఉక్కు పని ప్రాచీనమైనది. నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమున రెండు చోట్ల యినుమును గలిపి, మట్టిమూసలలో కరగించి ఉక్కు చేయుచుండిరనియు, దానిని గొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరనియు వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన వర్ణనము 1832వ సంవత్సరమున అచ్చుపడినది. రైతునింట నున్న పాతచాకు ఆ యుక్కుది కాకపోవచ్చును. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు పనియో, ఊరి కమ్మరి కొలిమి పనియో అయియుండవచ్చును. అయినను నియమ మొక్కటే. ఉక్కు గట్టిదనము నిప్పుచే వచ్చును, నిప్పుచేతనే పోవును. ఈ మాట మరవనివాడు కత్తిని పాడుచేయడు.

కత్తిని పరీక్షించుట

వాదరకు దూరముగా అలుగుపై ఆకురాతిని మెల్లగా నడుపవలెను. ఆకురాయి జారిపోయినచో ఉక్కు గట్టిది, బాగుచేయుట లాభకరము. సులభముగా గీచుకొనిపోయినచో అది మెత్తబడినది. తిరిగి పదను పెట్టింపనిది పనికిరాదు. అలుగున పగులున్నచో దానిని విడువవలెను. మడత మేకు వదులైనచో కమ్మరిచే బిగింపవలెను.

త్రుప్పు తీయుట

చాకును ఒక రాత్రి కిరసనాయిలులో నాననిచ్చి, మరునాడు కొబ్బరిపీచుతోను మెత్తని యిటుకపొడితోను రుద్దవలెను. మొండి మరకలకు చింతపండు గుజ్జు రాచి, కొంతసేపటికి కడుగవలెను. పులుపు నిలిచినచో ఉక్కును తినును. కావున వెంటనే తుడిచి, యెండలో నార్చి, ఆముదము పూయవలెను. త్రుప్పును కాల్చి పోగొట్టుదమని నిప్పులో నుంచరాదు.

పిడిచెక్కలు చేయుట

మడతచాకు పిడిలో రెండు లోహపు రేకులుండును. వాని మీద నిరుప్రక్కల చెక్కలు మేకులతో బిగింపబడి యుండును. మార్చవలసినవి యీ చెక్కలే. పాతమేకుల తలలను ఆకురాతితో అరగదీసి, సన్నని పోగరతో వెలికి కొట్టి, పాత చెక్కను కాగితముపై నుంచి గీత గీయవలెను.

క్రొత్త చెక్కకు బాగుగా నెండిన తుమ్మ, జిట్రేగి, టేకు కఱ్ఱలు మంచివి. పచ్చికఱ్ఱ యెండినపుడు వంగి రేకునుండి విడిపోవును. కఱ్ఱపోగు పిడి పొడుగునకే యుండునట్లు అంగుళములో నెనిమిదవవంతు మందమున కోయవలెను. ఎనుపకొమ్ము వాడువారు దానిని వేడినీట మెత్తబరచి, చల్లారువరకు రెండు పలకల నడుమ బిగించి చదునుచేయవచ్చును. పూర్వము కణుజుకొమ్ముతోను, ఏనుగుదంతముతోను పిడులు చేయుచుండిరి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి వాని క్రయవిక్రయములు నేరము, ఎవరిచ్చినను తీసికొనరాదు.

రేకు రంధ్రములకు సరిగా చెక్కలకు రంధ్రములు చేసి, ఇత్తడితీగె ముక్కలు దూర్చి, రెండుకొనలను చిన్నసుత్తితో పలుమారులు మెల్లగా కొట్టి తల చేయవలెను. ఒక్క పెద్దదెబ్బకు చెక్క చీలును. మేకులు లేక లక్కతో మాత్రమే అంటించిన పిడి మండుటెండలో మెత్తబడి, పని నడుమ నూడి చేతిని గాయపరచును. పిమ్మట అంచులు ఆకురాతితో గుండ్రముచేసి, ఉప్పుకాగితముతో నునుపుచేసి, అవిసెనూనె రెండు మూడు పూతలు వేయవలెను. ఆ నూనె గుడ్డలను ముద్దగా పడవేసినచో తమంతట తామే అంటుకొన వచ్చును, పఱచి యారవేయవలెను. ఎవరి చేతి పట్టునకు తగినట్లు వారు పిడి లావు చేసికొనుటయే యింటి పని యందలి గొప్పలాభము.

పదను పెట్టుట

నీటితో తడిపిన సానరాతిపై, మొదట ముతకప్రక్కను, తరువాత నునుపుప్రక్కను నూరి, తుదకు తోలుపట్టెపై తిప్పవలెను. అంటుకత్తికి ఒకప్రక్క మాత్రమే వాలు పెట్టి, రెండవప్రక్క చదునుగా నుంచవలెను. అప్పుడు కోత చదునై, రెండు కొమ్మల కోతలు వెలితి లేక కలిసికొనును. మొద్దుకత్తి బెరడును నలిపి అంటును చెరచును. తిరుగుడు సానపై నూరినచో క్షణక్షణమునకు నీట ముంచవలెను. వాదర నీలిరంగు తేరినచో గట్టిదనము తగ్గినదనుటకు గురుతు; ఆ మేర యంతయు అరగదీయవలసివచ్చును.

వాడుకలో జాగ్రత్త

గజ్జితెగులు సోకిన నిమ్మచెట్టును కోసిన కత్తితోనే మంచిచెట్టును కోసినచో తెగులు ప్రాకును. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునపుడు అలుగును స్పిరిటుతో తుడువవలెను. చేయి తెగినచో గాయమును శుభ్రముగా కడిగి, ధనుర్వాతము రాకుండుటకు వైద్యునిచే సూదిమందు వేయించుకొనవలెను. ఆ వ్యాధిబీజములు మట్టిలోనే యుండును. సాయంకాలము కత్తిని తుడిచి, మడత మేకున ఒక చుక్క నూనె వేసి మూసినచో, తండ్రి వాడిన చాకు కొడుకు తోటలోను పని చేయును.